వాన కురవని తేదీలు

జూన్ 9

ముసల్ది మళ్ళీ మొరాయించింది. ముసల్ది అంటే మా ల్యాబ్‌లో ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్. పంతొమ్మిదేళ్ళ వయసు, ఒంట్లో వాక్యూమ్ నిలవదు. పొద్దున్న ఏడింటి నుంచి పంపు విప్పుకుని నేల మీద కూర్చున్నాను. పదకొండింటికి ఓపిక చచ్చి కాలితో ఒక్క తన్ను తన్నాను. బొటనవేలి గోరు లేచిపోయింది. పంపు మటుకు తిరగడం మొదలుపెట్టింది. గ్యాస్ సంగతి చూసే టెక్నీషియన్‌ని అందరం సిలిండర్ అంటాం, మనిషి కూడా అదే ఆకారం. అతను దూది తెచ్చిచ్చి, మేడమ్, మాన్యువల్‌లో ఈ స్టెప్పు ఏ పేజీలో ఉంది అని అడిగాడు.

మధ్యాహ్నం రాయి డ్రిల్ చేశాను. గుహలో చుక్క చుక్కగా నీరు పడి, వేల ఏళ్ళు నేల మీంచి పైకి పెరిగిన సున్నపురాయి అది. మోచెయ్యంత పొడుగు. నిలువునా కోసి, పళ్ళ డాక్టర్లు వాడే డ్రిల్‌తో అర మిల్లీమీటరుకోసారి చిటికెడు పొడి తీస్తాను. ఆ పొడిలో బరువైన ఆక్సిజన్ ఎంతుందో ముసల్ది చెబుతుంది. ఎక్కువ ఉంటే ఆ కాలంలో వానలు తక్కువ. ఇప్పటిదాకా తేలింది ఏమిటంటే, పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట అరవై ఏళ్ళ కరువు. మా ప్రొఫెసర్ గారు, సార్, ఆ గ్రాఫు చూసినప్పుడల్లా చేతులు రుద్దుకుంటారు. అరవై ఏళ్ళు. మూడు తరాలు. బావుల దగ్గర ఒకళ్ళ తలలు ఒకళ్ళు పగలగొట్టుకుని ఉంటారు. నేనైతే ముందు వరసలో ఉండేదాన్ని.

పాత వాన లెక్క తెలియాలంటే ఇవాళ్టి వాన లెక్క తెలియాలి. గుహకి దగ్గర ఊళ్ళో మా అక్క ఉంటుంది. ఆరేళ్ళుగా వాళ్ళ మేడ మీద రెయిన్ గేజ్ పెట్టి, వాన పడ్డ ప్రతి రోజూ ఆ నీళ్ళు చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి, తేదీ రాసి, నెలకో పెట్టె పంపుతుంది. ఆరేళ్ళలో ఒక్క తేదీ తప్పలేదు. జ్వరంలో కూడా గొడుగేసుకుని మేడెక్కిందట. పెట్టెలో బావ డ్రిల్ ముళ్ళు కూడా పెట్టిస్తాడు. బావ పళ్ళ డాక్టరు. వాడిపారేసినవి కాదు, సీలు తియ్యని కొత్తవి. సార్‌కి బావంటే ప్రాణం.

జూన్ 21

సార్ పిలిచి, మీ అక్కగారిని ఊరికే ఎన్నాళ్ళు వాడుకుంటాం, ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టు ఉంది, వచ్చేస్తారేమో అడుగు అన్నారు. వెంటనే ఫోన్ చేశాను. అక్క, అక్కడే ఉండాలా, రోజూ వచ్చి పోవాలా అని అడిగింది. నాలుగు గంటల బస్సు, రోజూ ఎలా వచ్చి పోతావు, నా గదిలో ఉండు అన్నాను. బావని అడిగి చూస్తానే అంది.

అడగడమేంటి, చెప్పు అన్నాను. ఆ తర్వాత నోరు పారేసుకున్నాను. నీకు వెన్నెముక ఉందా, ఎమ్మెస్సీ చదివి ఆయన పేషెంట్లకి చీటీలు రాస్తూ కూర్చున్నావు అని ఏదేదో. ల్యాబ్ మొత్తం విన్నది. అక్క తొణకలేదు. నీది అచ్చం నాన్న గొంతే, కళ్ళు మూసుకుంటే తేడా తెలీదు అంది. నాన్న పోయి పదేళ్ళు. ఆయన గొంతు గురించి మేమిద్దరం మాట్లాడుకోం, ఆయన బెల్టు గురించి అసలే మాట్లాడుకోం. అక్కే ముందు నవ్వేసింది. నేను రాత్రి సారీ మెసేజ్ పెట్టాలనుకుని పెట్టలేదు.

జూన్ 30

జూన్ పెట్టె వచ్చింది. పదకొండు సీసాలు. ముత్యాల్లాంటి అక్షరాలు. నంబర్లన్నీ ఎలా ఉండాలో అలా ఉన్నాయి.

జూలై 4

అక్క ఫోన్ ఎత్తడం లేదు. పోస్టుకి ఆఖరి తేదీ పదో తారీఖు. సార్ రోజూ అడుగుతున్నారు, నేను రోజూ ఏదో చెబుతున్నాను.

జూలై 8

బావ ఫోన్ చేశాడు. ఏం సైంటిస్టు మరదలా, మీ అక్క ఫోన్‌కి బకెట్లో ఈత నేర్పించింది, నీకేం కావాలన్నా నా నంబర్‌కి పెట్టు, చూపిస్తా అన్నాడు. పోస్టు సంగతి అడిగాను. తను ఇష్టపడటం లేదు, నీకు చెప్పడానికి మొహమాటపడుతోంది, నువ్వేమో అరుస్తావాయె అన్నాడు. నిజమే కదా. ఒళ్ళు మండింది కానీ నిజమే కదా.

జూలై 19

డ్రిల్ జారి చూపుడువేలు చీరేసింది. నాలుగు కుట్లు. రాతి మీద రక్తం, వెయ్యేళ్ళ నాటి పొర దగ్గర. బావ నంబర్‌కి ఫోటో పెట్టాను. అక్క దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. సరే, నేనూ మాట్లాడను.

ఆగస్టు 3

జూలై పెట్టె ముప్పై ఒకటిన వచ్చింది. పద్నాలుగు సీసాలు. అక్షరాలు గీకినట్టున్నాయి, కోడి కెలికినట్టు. సగం సీసాల్లో అంచుదాకా లేవు.

మూడు రోజులు రన్ చేశాను. పద్నాలుగింటికీ దాదాపు ఒకే నంబరు. అదీ చెడిపోయిన నంబరు. నీళ్ళు ఆరిపోయేటప్పుడు తేలికైనవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి అడుగున మిగులుతాయి. అంటే ఈ నీళ్ళు రోజుల తరబడి గేజ్‌లో నిలవుండి, ఎండి, ఎండి, నెలాఖరున ఎవరో వాటిని పద్నాలుగు సీసాల్లోకి వంచేశారు. రోజూ మేడెక్కలేదన్నమాట. ఒక్క రోజు కూడా ఎక్కలేదు.

సార్ స్క్రీన్ చూసి, మీ అక్కగారేనా ఇది అన్నారు. అంతే అన్నారు. సిలిండర్ లేచి బయటికి వెళ్ళిపోయాడు, నన్ను చూడలేక. తల కొట్టేసినట్టయింది.

ఆగస్టు 4

షీట్‌లో పద్నాలుగు శాంపిల్స్ తీసేశాను. కారణం అనే కాలమ్‌లో, కలెక్టర్ నిర్లక్ష్యం అని రాశాను. మా దగ్గర ఒకసారి రాసింది చెరపడానికి ఉండదు, కింద మరో వరస రాయడమే. కలెక్టర్ అంటే నీళ్ళు పట్టిన మనిషి, ఆ పేరు దగ్గర అక్క పేరు. పోస్టు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని సార్‌కి నేనే చెప్పాను.

బావ నంబర్‌కి మెసేజ్ పెట్టాను, అక్కకి చూపించమని. అది ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నా. ఆరేళ్ళ పని బూడిదపాలు చేశావు. నీ వల్ల పదిమందిలో తల ఎత్తుకోలేకపోయాను. చేతకాకపోతే చేతకాదని చెప్పి చావు.

పెట్టాక ప్రాణం హాయిగా ఉంది.

ఆగస్టు 6

జవాబు వచ్చింది. సారీ, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను. అంతే. అక్క నన్ను పిలిచే చిన్నా అన్న మాట కూడా లేదు. ఉండకపోతే పీడా పోయిందనుకున్నాను.

ఆగస్టు 12

గుహ వైపు రాత్రంతా కుండపోత. రోడ్డు మునిగిందని వార్తల్లో చూపించారు. ఇంత వాన ఒక్క రోజులో పడితే దాని నంబరు ఎలా ఉంటుందో చూడాలని సార్‌కి ఒకటే ఆత్రం. అక్క సీసా బాగా వస్తుందా అని అడిగారు.

ఆగస్టు 29

ఆగస్టు పెట్టె. పదహారు సీసాలు, అన్నీ అంచుదాకా, మూతలు బిగించి, పైన టేపు కూడా చుట్టి. రాత అదే కోడి కెలుకుడు. డ్రిల్ ముళ్ళు మామూలుకి రెట్టింపు. చూశారా, తిడితేనే పని జరుగుతుంది అని సిలిండర్‌తో అన్నాను. అతను అవునన్నాడు, కాదంటే వినేదెవరు.

ఆగస్టు 31

పదహారు సీసాలు. మైనస్ నాలుగు పాయింట్ ఒకటి. మైనస్ నాలుగు పాయింట్ ఒకటి. మైనస్ నాలుగు పాయింట్ ఒకటి. పొద్దుటి నుంచి అదే. వానకీ వానకీ నంబరు మారుతుంది, ఉదయం వానకీ సాయంత్రం వానకీ మారుతుంది. మారనిది ఒక్కటే, పంపు నీళ్ళు. పోయినేడు ఆ ఊళ్ళో అందరి ఇళ్ళ పంపు నీళ్ళూ కొలిచి పెట్టాం. అక్కవాళ్ళ పంపు, మైనస్ నాలుగు పాయింట్ ఒకటి.

పంపు తిప్పి పదహారు సీసాలు నింపి నా చెవిలో పువ్వు పెట్టింది. సొంత అక్క. నాకు అమ్మ పోయాక జడ వేసింది, స్కూలుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కళ్ళ ముందు ఎర్రగా అయిపోయింది. చేతికందినది విసిరాను. చేతికందినది రాయి. రెండో సగం, ఇంకా డ్రిల్ చెయ్యనిది. గోడకి తగిలి మూడు ముక్కలు. సార్ గదిలోంచి వచ్చి ముక్కలు చూసి, నా మొహం చూసి, ఇంటికి వెళ్ళమ్మా అన్నారు. ఆయన నన్ను అమ్మా అనడం ఇదే మొదటిసారి. తిట్టినా బాగుండేది.

బావకి ఫోన్ చేసి అరిచాను. ఆయన అంతా విని, నవ్వి, నేను చూసుకుంటాలే మరదలా, గట్టిగా చెబుతాలే అన్నాడు.

సెప్టెంబర్ 1, ఉదయం 9

ముక్కలు అతికించవచ్చని సిలిండర్ అంటున్నాడు. నేను ఆ సీసాల తప్పుల మీద రిపోర్టు రాస్తున్నాను. ఏ తేదీకి ఎన్ని మిల్లీమీటర్లు పడిందో వాతావరణ కేంద్రం వాళ్ళ లిస్టు తెప్పించి, సీసాల తేదీల పక్కన రాయాలి. ఫార్మాలిటీ.

సెప్టెంబర్ 1, ఉదయం 10

లిస్టు వచ్చింది. రాస్తాను.

పదహారు తేదీల్లో తొమ్మిది రోజులు ఆ ఊళ్ళో చుక్క వాన పడలేదు. ఆరో తారీఖు ఎండ. తొమ్మిది ఎండ. పద్నాలుగు, పదిహేడు ఎండ. ఊరు మునిగిన పన్నెండో తారీఖుకి సీసా లేదు.

అక్క నన్ను మోసం చెయ్యాలనుకుంటే పంపు నీళ్ళు పోస్తుంది, సరే. తేదీ ఎందుకు తప్పు వేస్తుంది? వాన పడింది ఎప్పుడో కిటికీలోంచి చూసిన వాళ్ళకి ఎవరికైనా తెలుసు. రోడ్లు మునిగిన రోజు చెవిటివాళ్ళకైనా తెలుసు. ఆరేళ్ళలో ఒక్క తేదీ తప్పని మనిషికి తెలియలేదు.

ఈ తేదీలు రాసిన మనిషికి ఆకాశం కనబడటం లేదు.

ఆ రాత. నేను నిర్లక్ష్యం అనుకున్న రాత. అది ఎడమ చేతి రాత.

నెల రోజుల నుంచి ఇదంతా నా టేబుల్ మీద ఉంది. పదకొండింటి బస్సు. సిలిండర్ బండి మీద దింపుతానన్నాడు. సంచిలో రాళ్ళు కొట్టే సుత్తి వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకు తెలుసు.

సెప్టెంబర్ 2, ఆస్పత్రి బల్ల మీద

వరసగా రాయకపోతే మళ్ళీ రాయలేను.

మూడున్నరకి దిగాను. కింద క్లినిక్, పైన ఇల్లు. బావ గ్లవ్స్‌తోనే బయటికొచ్చాడు. ఏంటి మరదలా, చెప్పా పెట్టకుండా అని నవ్వాడు. అక్క ఏదన్నాను. స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది, వారం దాకా రాదు అన్నాడు. ఏ స్నేహితురాలు అన్నాను. నీకు తెలీదులే అన్నాడు. పైన పెయింట్ పని జరుగుతోంది, కాళ్ళు కడుక్కోవడానికి కూడా చోటు లేదు, రేపు రా అని నా భుజం తట్టాడు. లోపల ఇద్దరు పేషెంట్లు కూర్చుని పత్రికలు తిప్పుతున్నారు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఆఫీసర్ నా గ్రాఫు తిరగేసి మరగేసి చూశాడు. అమ్మా, మీ అక్క వాన నీళ్ళకి బదులు పంపు నీళ్ళు పోసిందని కంప్లైంటా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. చెప్పాను. రేపు ఒక మనిషిని పంపిస్తాను అన్నాడు. రేపు అన్న మాట వినగానే లేచి వచ్చేశాను.

బయటి మెట్ల మీదుగా నేరుగా మేడెక్కాను. గేజ్ గరాటులో ఎండుటాకులు, ఒక ఈక, లోపల పచ్చగా పాకుడు. నెల రోజులుగా ఎవరూ ముట్టలేదు. వెనక వైపు దిగాను. క్లినిక్ వెనక కంప్రెసర్ పెట్టిన సందు ఉంది. ఆ పక్కన సామాను గది, కిటికీ లేదు. తలుపుకి బయట గడియ, గడియకి తాళం. అక్కా అని పిలిచాను. కంప్రెసర్ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. దాని లోపల గాలి నిండగానే అది టక్కున ఆగుతుంది. ఆగింది. లోపల ఎవరో దగ్గారు.

తాళం మూడో దెబ్బకి ఊడింది. లోపల గోడల నిండా అరలు, అరల నిండా జనం పళ్ళ అచ్చులు, తెల్లగా సున్నపు పళ్ళు, వందలు. మూలన చిన్న పంపు, కింద బకెట్. నేల మీద అక్క. మొదట వేరే ఎవరో అనుకున్నాను, నిజంగా. సగం మనిషి. కుడి మణికట్టు వంకరగా అతుక్కుని ఉంది. నన్ను చూసి అక్క అన్న మొదటి మాట, తలుపు వెయ్యవే, వింటాడు.

వెనక నుంచి జుట్టు పట్టుకున్నాడు. నా నుదురు గుమ్మానికేసి కొట్టాడు. రెండు సార్లు. కంట్లోకి రక్తం కారింది. పక్క పన్ను విరిగి నాలుక మీద పడింది. పళ్ళ డాక్టరు చేతిలో. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి ఇప్పుడు ఊపిరి మటుకు గట్టిగా తీస్తున్నాడు. తిరిగి సుత్తి ఊపాను. ముంజేతికి తగిలింది. విరిగింది. మంచి రాయి కొడితే ఖంగుమంటుంది, లోపల చీలిన రాయి బొద్దుమంటుంది. అది బొద్దుమంది.

వాడు కూలబడ్డాడు. చెయ్యి పట్టుకుని మరదలా అన్నాడు. అప్పుడు రెండో దెబ్బ వేశాను, మోకాలి కింద. అది అక్కర్లేదు. వాడు కింద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఏమీ లేదు. పోలీసులకి ఒక్క దెబ్బే అని చెప్పాను. ఇక్కడ నిజం రాస్తున్నాను. మూడోది కూడా వేసేదాన్నే. పేషెంట్లు వచ్చి పట్టుకున్నారు.

అదే ఆఫీసర్ వచ్చాడు. గది చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, చాలాసేపు ఆ పళ్ళ అచ్చుల వైపు చూస్తూ నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

సెప్టెంబర్ 5

అక్క ముప్పై ఎనిమిది కిలోలు.

ఎముకల డాక్టర్ ఎక్స్‌రేలు లైటు ముందు పెట్టి చూపించింది. విరిగిన ఎముక చుట్టూ కొత్త ఎముక ఎంత పేరుకుందో చూసి ఎన్నాళ్ళయిందో చెప్పవచ్చట. నేను రాయిలో చదివేది ఆవిడ ఎముకలో చదువుతుంది. మణికట్టు, రెండు నెలలు. అది జూలై మొదట్లో, అక్క బావకి ఉద్యోగం సంగతి చెప్పిన రోజు. మెడ కింది ఎముకా అప్పటిదే. పక్కటెముకలు మూడు, అవి తర్వాతవి, నాలుగు వారాలకి కాస్త ఎక్కువ.

నాలుగు వారాల ముందు ఏం జరిగిందో నేను అడగలేదు. అక్కే చెప్పింది, ఇడ్లీపాత్ర ఎక్కడ పెట్టానో చెప్పినంత మామూలుగా. నీ మెసేజ్ చదివి వినిపించాడే. మూడు సార్లు చదివాడు. చూశావా, నీ చెల్లెలు కూడా అంటోంది నువ్వు దేనికీ పనికిరావని అన్నాడు. చేతకాదని చెప్పి చావు అన్నచోట ఆగి, చెప్పు, చెప్పు అంటూ తన్నాడు. ఆ తర్వాత సీసాలు పంపు కింద పెట్టి, తేదీలు వెయ్యమన్నాడు. ఏ రోజో నాకెలా తెలుస్తుంది, తోచినవి వేశాను, నువ్వు కోప్పడతావని అనుకుంటూనే వేశాను అంది.

బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, టవల్ నోట్లో కుక్కుకుని అరిచాను.

సెప్టెంబర్ 13

బావకి బెయిలు దొరికింది. నా మీద సుత్తి కేసు, నాకూ బెయిలు. వాళ్ళ లాయరు కోర్టుకి రెండు కాగితాలు ఇచ్చాడు. ఒకటి నా మెసేజ్. రెండోది నోటీసిచ్చి తెప్పించుకున్న మా ల్యాబ్ షీట్, కలెక్టర్ నిర్లక్ష్యం అన్న వరస, కింద నా సంతకం. ఆవిడ మతి స్థిమితం లేని మనిషి, చెల్లెలే సర్టిఫికెట్ ఇచ్చింది, బయట తిరగనిస్తే ప్రమాదమని లోపల ఉంచి చూసుకున్నాడట. ఇంత అందంగా నేను కూడా అబద్ధం చెప్పలేను.

సెప్టెంబర్ 16

సార్, నేను, సిలిండర్ ముగ్గురం కూర్చున్నాం. మిగిలిన నీళ్ళు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ముప్పై సీసాలూ మళ్ళీ రన్ చేశాం. ముసల్ది మూడు రోజులు ఒక్కసారి కూడా మొరాయించలేదు. జూలై నీళ్ళు ఎండినవి, కాబట్టి ఎవరూ మేడెక్కలేదు. ఆగస్టు నీళ్ళు ఆ గది పంపువి. తేదీలు ఆకాశం చూడని మనిషివి. షీట్‌లో పాత వరస కింద కొత్త వరస రాశాను. కలెక్టర్ నిర్బంధంలో ఉన్నారు. పై వరస రాసినది నా తప్పు.

ఆఫీసర్ స్వయంగా వచ్చి అన్నీ పట్టుకెళ్ళాడు. బరువైన నీళ్ళు, తేలికైన నీళ్ళు అంటే ఏంటో రెండు సార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి తనే నాకు చెప్పాడు, తప్పుల్లేకుండా. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఆ రోజు నేనే వెంట రావాల్సిందండీ అన్నాడు.

సెప్టెంబర్ 27

అక్క నా గదికి వచ్చింది. మంచం తనకి, చాప నాకు. లైటు ఆర్పనివ్వదు. కిటికీ మూయనివ్వదు. వాన జల్లు లోపలికి కొట్టినా మూయనివ్వదు, తడిసిన దుప్పటి మీదే కూర్చుని చూస్తుంది. నేను ఏమీ అనను. చిన్న గొంతుతో మాట్లాడటం ప్రాక్టీసు చేస్తున్నాను, సిలిండర్ వెక్కిరిస్తున్నాడు, మేడమ్‌కి గొంతు పోయిందా అని.

సుత్తి పోలీసుల దగ్గరుంది. అయినా ఆ బొద్దుమన్న చప్పుడు రోజూ వినపడుతుంది. భయంగా ఉండాలి కదా. ఉండదు. తీయగా ఉంటుంది. దీన్ని ఎవరితో చెప్పాలి.

అక్టోబర్ 4

క్లినిక్ మళ్ళీ తెరిచాడట. పేషెంట్లు వెళుతున్నారట.

అక్టోబర్ 11

అక్క ఐదు కిలోలు పెరిగింది. ఇవాళ కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళజోడు చేయించాను. పాతది ఆ గదిలోనే పోయిందట. కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుని, టీచర్‌లా ఉన్నానా అని అడిగింది. హెడ్‌మాస్టర్‌లా ఉన్నావన్నాను. నవ్వింది. జూన్ తర్వాత ఆ నవ్వు ఇప్పుడే విన్నాను. రేపటి నుంచి ల్యాబ్‌కి వస్తుందేమో అడగాలి. సార్ ఆ పోస్టు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

అక్టోబర్ 19

రేపు కోర్టులో అక్క సాక్ష్యం. ఆఫీసర్ పొద్దున్న వచ్చి ఏం అడుగుతారో అన్నీ చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం వచ్చేసరికి అక్క వంట చేస్తోంది. తన ఫోన్ బల్ల మీద ఉంది, కొత్త ఫోన్. చూశాను. తెలియని నంబర్ నుంచి కాల్, మధ్యాహ్నం, ఇరవై రెండు నిమిషాలు. ఎవరన్నాను. ఆయనే అంది. ఏడుస్తున్నాడే, చెయ్యి ఇంకా లేవడం లేదట, ఊరికే విన్నాను అంది.

ఇరవై రెండు నిమిషాలు ఊరికే విన్నావా అన్నాను. తర్వాత ఏమన్నానో గుర్తులేదు. గొంతు మటుకు గుర్తుంది, అది నాన్నది. చేతిలో స్టీలు గ్లాసు ఉండి ఉండాలి, గోడకి తగిలింది.

అక్క స్టవ్ ఆపింది. కళ్ళజోడు తీసింది. మడిచి, పగలకుండా ఫ్రిజ్ మీద లోపలికి జరిపి పెట్టింది. వచ్చి నా ముందు నిలబడింది.

మొహం మీద మాత్రం వద్దే చిన్నా, రేపు కోర్టుకి వెళ్ళాలి అంది.